ఎంపీసీ తర్వాత బీఈడీ: ఏ మెథడాలజీ తీసుకోవాలి, ఏ కాలేజీలో చేరాలి?

అమ్మా, మీరడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది రామచంద్రపురం దగ్గర ఊరు. బీఎస్సీ ఎంపీసీ అయిపోయింది, ఎడ్‌సెట్‌కి (బీఈడీ ప్రవేశ పరీక్షకి) దరఖాస్తు పెట్టబోతున్నారు. డిగ్రీలో మ్యాథ్స్ మార్కులే ఎక్కువ. కానీ ఇంటి దగ్గర ట్యూషన్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంటే టైమే తెలియడం లేదు. ఇంట్లోవాళ్ళేమో మ్యాథ్స్ తీసుకోమంటున్నారు. పైగా దగ్గర్లో ఒక కాలేజీ వాళ్ళు "రోజూ రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు" అన్నారట. అక్కడ పేరు రాయించుకుని డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) కోచింగ్‌కి వెళ్తే రెండేళ్ళు కలిసొస్తాయని మీ ఆలోచన. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: సబ్జెక్టు ఎలాగూ వచ్చు కదా, మెథడాలజీలో, అంటే ఆ సబ్జెక్టు ఎలా బోధించాలో చెప్పే పేపర్లో, కొత్తగా నేర్చుకునేది ఏముంటుందని.

ఫిజికల్ సైన్స్ తీసుకోండి. రోజూ వెళ్ళి కూర్చునే కాలేజీలోనే చేరండి. మూడో ప్రశ్నకి జవాబు పెద్దది. నిజానికి మొదటి రెండింటికీ కారణం కూడా అందులోనే ఉంది.

నేను చాలా ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూలు సబ్జెక్టు టీచరుగా, చేశాను, ఎక్కువ కాలం నరసాపురం, రాజోలు వైపే. మా బడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే బీఈడీ వాళ్ళ పాఠాలు వెనక బెంచీలో కూర్చుని చూడటం, వాళ్ళ రికార్డుల మీద సంతకాలు పెట్టడం నా వంతుకే వచ్చేది. రిటైరయ్యాక ఒక బీఈడీ కాలేజీలో మెథడాలజీ చెబుతున్నాను. అంటే రెండు వైపుల నుంచీ చూశానన్నమాట.

ముందు అర్హతల సంగతి తేల్చేద్దాం. మెథడాలజీని కాలేజీలో చేరాక నింపాదిగా ఎంచుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. ఎడ్‌సెట్ దరఖాస్తులోనే అది ఖాయమైపోతుంది, ఎందుకంటే పరీక్షలో 150 ప్రశ్నలుంటే అందులో 100 మీరు ఎంచుకున్న సబ్జెక్టువే. ఫిజికల్ సైన్సెస్ అయితే ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. మ్యాథ్స్ అయితే వందా మ్యాథ్సే. మిగతా 50లో జనరల్ ఇంగ్లిష్ 25, జనరల్ నాలెడ్జ్ 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10. ఎంపీసీ కాబట్టి మీకు రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఇక్కడ ఎంచుకున్నది మిమ్మల్ని డీఎస్సీ దాకా వదలదు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీ సబ్జెక్టూ, బీఈడీ మెథడాలజీ రెండూ సరిపోవాలి. డిగ్రీలో మ్యాథ్స్ ఉన్నా బీఈడీలో మ్యాథ్స్ మెథడాలజీ లేకపోతే మ్యాథ్స్ పోస్టుకి లెక్కలోకి రారు. కెమిస్ట్రీ లేకుండా మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌తో డిగ్రీ చేసినవాళ్ళు ఫిజికల్ సైన్స్‌కి వచ్చేటప్పుడు కాస్త ఆగి నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవాలి. 2023-24లో మొదలైన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) డిగ్రీల వాళ్ళయితే మరీ జాగ్రత్తగా చదవాలి. మీకు ఆ బెంగ లేదు.

ఇంకో సంగతి. పాత రోజుల్లో "స్కూల్ అసిస్టెంట్ రాకపోతే ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు) అయినా వస్తుందిలే" అనుకునేవాళ్ళు. బీఈడీ వాళ్ళు ప్రాథమిక తరగతుల పోస్టులకి అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ పోస్టులకి డీఎల్‌ఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) ఉండాలి, మన వైపు బొమ్మూరు డైట్, దూబచర్ల డైట్ లాంటి చోట్ల చదివేది. అంటే బీఈడీ చేసినవాళ్ళకి చేతిలో ఉన్నది ఆ ఒక్క సబ్జెక్టే. దాన్ని మార్కుల మెమో చూసి ఎంచుకోవడం నాకు నచ్చదు.

మ్యాథ్స్ వైపు ఉన్న లాభం కూడా చెప్పాలి, లేకపోతే మీ నాన్నగారు నన్ను తిట్టుకుంటారు. ప్రైవేటు స్కూళ్ళలో, ట్యూషన్లలో మ్యాథ్స్ చెప్పేవాళ్ళకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (హైస్కూలు తరగతుల టీచరు) సైన్స్‌కి బయాలజీ, కెమిస్ట్రీ వైపు డిగ్రీ అడుగుతూ వచ్చారు. ఎంపీసీ వాళ్ళకి అక్కడ దారి టీజీటీ మ్యాథ్సే. ఢిల్లీ అయినా హైదరాబాద్ అయినా సెంట్రల్ స్కూల్లోనే చేస్తానని మీరు గట్టిగా అనుకుంటే నా జవాబు మారుతుంది. మీరు రాసిన దాన్ని బట్టి మన జిల్లాలోనే ఉందామనుకుంటున్నారు కాబట్టి ఫిజికల్ సైన్స్ అన్నాను.

ఇప్పుడు అసలు విషయం. సబ్జెక్టు వచ్చినవాళ్ళకి మెథడాలజీ ఎందుకు?

మాకు ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒకమ్మాయి ఆర్కిమెడిస్ సూత్రం పాఠం చెబుతోంది. డిగ్రీలో మంచి మార్కులున్న పిల్ల. చార్టు బ్రహ్మాండంగా వేసింది, బీకరు, స్ప్రింగ్ త్రాసు, పొంగిన నీళ్ళు, బాణం గుర్తులు. నిర్వచనం బోర్డు మీద రాసింది, పిల్లలు ఎక్కించుకున్నారు. అడిగితే అప్పజెప్పారు కూడా. పాఠం బాగా వచ్చినట్టే లెక్క. నేను వెనక నుంచి ఆ అమ్మాయికి ఒక చీటీ పంపాను: "సఖినేటిపల్లి రేవులో పంటు ఎందుకు మునగదో అడుగు."

అడిగింది. ఆ క్లాసులో సగం మంది చుట్టాలింటికో సినిమాకో నరసాపురం వెళ్ళాలంటే పంటు మీద, అంటే లారీల్ని కూడా మోసే పెద్ద పడవ మీద, గోదావరి దాటేవాళ్ళే. ముందు బెంచీ కుర్రాడు లేచి, "ఇంజిన్ ఉంది కదండీ, అందుకని మునగదు" అన్నాడు. ఇంకొకడు "చెక్క ఉంటదండీ అడుగున" అన్నాడు. మూడోవాడు "నీళ్ళు లోతుగా ఉంటాయి కాబట్టి ఎక్కువ మోస్తాయండి" అన్నాడు. ఇనప మేకు మునుగుతుంది, బరువైనవన్నీ మునుగుతాయి, పంటుకి మాత్రం ఏదో ప్రత్యేకం ఉంది అని వాళ్ళ లెక్క. ఆర్కిమెడిస్ సూత్రం నోట్సులో ఉంది. బుర్రలో ఇంజిన్ ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డం లేకుండా హాయిగా పక్కపక్కనే ఉన్నాయి.

ఆ అమ్మాయి అక్కడ ఆగిపోయింది. "కాదు, తప్పు" అని మళ్ళీ నిర్వచనం చదివింది. ఆమెకి సబ్జెక్టు రాకపోవడం కాదు కారణం. "ఇంజిన్ ఉంది కాబట్టి" అన్న పిల్లాడిని ఏం అడగాలో తెలియలేదు, అంతే. మర్నాడు ఇద్దరం కూర్చుని పాఠాన్ని తిరగరాశాం. బకెట్ నీళ్ళు, ఒక స్టీలు గిన్నె, గులకరాళ్ళు. ముందు ఒక్క ప్రశ్న: "ఇంజిన్ ఆపేసి రేవులో కట్టేసిన పంటు మునుగుతుందా?" కుర్రాడు తనే నవ్వేశాడు. తర్వాత గిన్నెని నీళ్ళ మీద పెట్టి ఒక్కొక్క రాయీ వేస్తూ, నీళ్ళు గిన్నెకి ఎంత ఎత్తున తగులుతున్నాయో స్కెచ్‌పెన్‌తో గీతలు పెట్టించింది. "లారీ ఎక్కినప్పుడు పంటు కిందకి దిగడం ఎప్పుడైనా చూశారా?" అంటే క్లాసంతా చెయ్యెత్తింది. పంటు దిగిన మేరకి అది పక్కకి నెట్టిన నీళ్ళు పెరుగుతాయి, ఆ నీళ్ళ బరువు లారీ బరువుకి సరిపోయే దగ్గర ఆగుతుంది అనేది అప్పుడు వాళ్ళ నోటి నుంచే వచ్చింది. చివర్లో అదే గిన్నెని నొక్కి నీళ్ళు నింపి ముంచేసింది. అదే స్టీలు, అదే బరువు, ఇప్పుడు మునిగింది. ఇంజిన్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరో పిల్ల, ఎప్పుడూ మాట్లాడనిది, "అంతర్వేది దగ్గర నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదండీ, అక్కడ పంటు తక్కువ దిగుద్దా?" అని అడిగింది. సాంద్రత పాఠం వచ్చే వారం ఉంది. ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టమన్నాను.

మెథడాలజీ అంటే ఇదీ. మీకు తెలిసిన ఆర్కిమెడిస్ వేరు, తొమ్మిదో తరగతి పిల్లాడు ఎక్కడ చిక్కుకుంటాడో, ఏ ప్రశ్న వేస్తే వాడి లెక్క వాడికే తప్పని తోస్తుందో తెలియడం వేరు. లీ షుల్మన్ అనే అమెరికా విద్యావేత్త 1986లో దీన్ని పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అన్నాడు. పీసీకే అని కోచింగ్ మెటీరియల్‌లో కనిపిస్తుంది, ఒక మార్కు బిట్టుగా బట్టీ పడతారు. సబ్జెక్టు పండితుడికీ సబ్జెక్టు టీచరుకీ తేడా ఎక్కడుందో ఆయన చూపించాడు. ఇది ప్రతి సబ్జెక్టుకీ విడివిడిగా ఉంటుంది. సోషల్‌లో పిల్లలు పడే చిక్కులు వేరు, మ్యాథ్స్‌లో వేరు. అందుకే బీఈడీలో సైకాలజీ అందరికీ ఒకటే అయినా మెథడాలజీ క్లాసుకి మాత్రం ఎవరి గదికి వాళ్ళు వెళ్తారు.

మ్యాథ్స్ వైపు నుంచి కూడా ఒకటి చెబుతాను, పోల్చి చూసుకోండి. 0.45, 0.5 ఈ రెండిట్లో ఏది పెద్దది అంటే ఆరో తరగతిలో చాలామంది 0.45 అంటారు, 5 కంటే 45 పెద్దది కాబట్టి. మా మ్యాథ్స్ టీచరు గారు దీనికి వేసే మంత్రం బలే ఉండేది. "మీ నాన్న పొలం ఎకరం ఐదు సెంట్లు. పక్క పొలం ఎకరంన్నర. ఏది పెద్దది?" రైతు పిల్లలు ఇందులో తప్పు చెప్పరు. ఎకరానికి 100 సెంట్లని తెలుసు. "అయితే రెండూ దశాంశాల్లో రాయండి" అంటారు. సగం మంది రెండిటికీ 1.5 అనే రాస్తారు. ఆ క్షణంలో ఎవరి పలక వాళ్ళకే తేడాగా కనబడుతుంది. రెండు వేరు వేరు పొలాలు ఒకటే అంకె ఎలా అయ్యాయని వాళ్ళే కొట్టుకుంటారు. ఎకరం ఐదు సెంట్లు 1.05 అని, ఆ సున్నా ఎందుకు కావాలో అప్పుడు అర్థమవుతుంది. కౌలు లెక్క కూడా చేయిస్తే ఇంకా గట్టిగా దిగుతుంది, ఎందుకంటే ఆ సున్నా తీసేస్తే నలభై ఐదు సెంట్లకి అదనంగా కౌలు కట్టాలి. డబ్బు దగ్గర మన పిల్లలు పొరపాటు పడరు.

ఈ రెండూ చదివినప్పుడు మీకు ఏ క్లాసులో ఉండాలనిపించింది? దేనికి మరో ప్రశ్న తట్టింది? నేను ఫిజికల్ సైన్స్ అన్నది మీ ప్రశ్నలోనే రాసిన ఒక్క వాక్యం చూసి. సిరీస్‌లో రెండు బల్బులు పెడితే మొదటి బల్బు కరెంటు తాగేస్తుందని, రెండోదానికి తక్కువ వెళ్తుందని మీ ట్యూషన్ పిల్లాడు అన్నాడని, వాడికి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆలోచించానని రాశారు. మ్యాథ్స్ గురించి మీరు రాసిందల్లా మార్కులే. (ఆ బల్బు సంగతికి: రెండు బల్బుల మధ్య అమ్మీటరు పెట్టండి, తర్వాత మొదటి బల్బుకి ముందు పెట్టండి. రీడింగు ఏమవుతుందో వాడినే ముందు చెప్పమనండి, కాగితం మీద రాయించండి. రాయకపోతే తర్వాత "నేనూ అదే అన్నానండి" అంటారు.)

ఇక కాలేజీకి వెళ్ళకుండా కోచింగ్ సంగతి.

లెక్క చూద్దాం, మీరు ఎంపీసీ కదా. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పరీక్ష 80 మార్కులు, 160 ప్రశ్నలు, ఒక్కోటి అర మార్కు. జనరల్ నాలెడ్జ్, కరెంట్ అఫైర్స్ 10, విద్యా దృక్పథాలు 5, సైకాలజీ 5, సబ్జెక్టు కంటెంట్ 40, మెథడాలజీ 20. అంటే 80లో పావు వంతు అచ్చంగా మెథడాలజీ. వందకి మిగిలిన 20 మార్కులు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ. టెట్ 150 ప్రశ్నల్లో శిశు వికాసం, పెడగాజీ 30, భాషలు రెండూ కలిపి 60, మ్యాథ్స్-సైన్స్ 60. ఆ అరవైలో మీకు బయాలజీ కూడా వస్తుంది, ఇంటర్ నుంచి వదిలేసిందే. కప్ప గుండెకి గదులెన్నో మళ్ళీ చదవాలి. ఇది చాలామంది ఎంపీసీ వాళ్ళు ఆఖరి నెలలో కనుక్కుని గాభరా పడే సంగతి.

ఆ మెథడాలజీ ప్రశ్నలు ఇప్పుడు నిర్వచనాలు అడిగి ఊరుకోవడం లేదు. ఒక క్లాసు సన్నివేశం ఇచ్చి, టీచరు ఇప్పుడేం చేయాలి అని అడుగుతారు. నాలుగు జవాబులూ చూడటానికి మంచివే అనిపిస్తాయి. నిజం పిల్లల ముందు నిలబడ్డవాళ్ళకి అందులో రెండు వెంటనే తేలిపోతాయి. గైడు మాత్రమే చదివినవాళ్ళు నాలుగింటి మధ్య ఊగిసలాడతారు. మైక్రో టీచింగ్ (తోటివాళ్ళ ముందు కొద్ది నిమిషాల పాఠం చెప్పే సాధన) తీసుకోండి. భారతీయ నమూనాలో బోధన 6 నిమిషాలు, చర్చ 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, మళ్ళీ చర్చ 6, మొత్తం 36 నిమిషాలు అని బిట్టుగా గుర్తుపెట్టుకోవడం చాలా కష్టం. ఆ ఆరు నిమిషాల్లో బోర్డు వైపు తిరిగి వీపు చూపిస్తూ మాట్లాడానని తోటివాళ్ళ చేత మొట్టికాయలు తిన్నవాళ్ళకి బట్టీ అక్కర్లేదు.

డీఎస్సీ ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు. 2018 తర్వాత నియామకాల దాకా వెళ్ళింది 2025లోని మెగా డీఎస్సీయే, 16,347 పోస్టులతో. మధ్యలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ కోచింగ్ సెంటర్లలోనే గడిపినవాళ్ళు నాకు తెలుసు, ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పుకుంటూ సాయంత్రం చదువుకున్నవాళ్ళూ తెలుసు. రెండో రకం వాళ్ళకి ఉద్యోగం వచ్చినా రాకపోయినా చేతిలో పని ఉంది.

హాజరు నిబంధనలు కూడా తెలుసుకోండి. 2015 ముందు బీఈడీ ఏడాది కోర్సు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో రెండేళ్ళయింది. రెండేళ్ళు చేసిందే ప్రధానంగా బడిలో ఉండే కాలం పెంచడానికి. మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి, అందులో 4 వారాలు మొదటి ఏడాది, 16 వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్. తరగతులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరుండాలి. "రానక్కర్లేదు" అనే కాలేజీ ఈ రెండిటినీ కాగితం మీద మాత్రమే చూపిస్తోందన్నమాట. తేడా వస్తే వాళ్ళ గుర్తింపుతో పాటు మీ సర్టిఫికెట్ కూడా గొడవలో పడుతుంది.

రికార్డుల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. జిరాక్సు షాపుల దగ్గర బీఈడీ రికార్డులు రాసిచ్చేవాళ్ళు ఉంటారు, పీరియడ్ ప్లాన్‌తో సహా, ముత్యాల్లాంటి దస్తూరీతో. మా బడికి అలా రికార్డు కొనుక్కుని వచ్చిన ఒక అబ్బాయి ప్లాన్‌లో "విద్యార్థులు తమ పరిసరాల్లోని కొండలను పరిశీలించుదురు" అని ఉంది. కోనసీమలో కొండ ఎక్కడ పరిశీలిస్తారు బాబూ అంటే తెల్లమొహం వేశాడు. ఆ ప్లాన్ రాసినవాడు ఏ ఏజెన్సీ వైపు బడి కోసమో రాసి ఉంటాడు.

మన పరిసరాల్లో సైన్సుకి కొదవా? ఫిజికల్ సైన్స్ టీచరుకి డెల్టా కంటే పెద్ద ల్యాబు ఎక్కడుంది? భీమవరం, ఉండి వైపు ఏ బడిలోనైనా పిల్లల ఇళ్ళలో రొయ్యల చెరువులుంటాయి, లేదా చెరువు కాపలా కాసే నాన్నలుంటారు. పీహెచ్ అనే మాట పదో తరగతి పుస్తకంలో రాకముందే వాళ్ళకి తెలుసు, టెస్ట్ కిట్ ఇంట్లో ఉంటుంది. "చెరువుకి సున్నం ఎందుకు వేస్తారు?" అని అడిగి ఆమ్లాలు-క్షారాలు మొదలుపెట్టండి, లిట్మస్ కాగితం తర్వాత తీయొచ్చు. "తెల్లవారుజామునే ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే ఎందుకంత కంగారు?" అని అడగండి. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి వెలుగు లేక అది ఆగుతుంది, కానీ నాచూ రొయ్యలూ శ్వాసించడం ఆగదు, సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకి పడుతుంది. ఈ ఒక్క ప్రశ్నలో కెమిస్ట్రీ, బయాలజీ, కరెంటు బిల్లు మూడూ ఉన్నాయి. పొడి సున్నం మీద నీళ్ళు పోసి ఉడకడం చూపించేటప్పుడు మాత్రం పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్ళలో పడితే ప్రమాదం. గాజు పాత్రలో వద్దు.

కాలేజీ ఎంపిక దగ్గరికి వద్దాం. రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. మన గోదావరి జిల్లాల బీఈడీ కాలేజీలు దాని కిందివే. సిలబసూ పరీక్షా యూనివర్సిటీవే కాబట్టి కాగితం మీద అన్ని కాలేజీలూ ఒకటే. తేడా అంతా మనుషుల దగ్గరా, బడుల దగ్గరా ఉంటుంది. రాజమండ్రిలో ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీ కూడా ఉంది, ర్యాంకు వస్తే మొదటి ఆప్షన్ అదే పెట్టండి, ఫీజూ తక్కువ.

ప్రైవేటు కాలేజీ అయితే కౌన్సెలింగ్‌కి ముందే ఒకరోజు వెళ్ళి చూడండి. ఆఫీసు రూములో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తారు, అది పక్కన పెట్టి ఫిజికల్ సైన్స్ మెథడాలజీ ఎవరు చెబుతారు, వారి పీజీ ఏ సబ్జెక్టులో అని అడగండి. ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం మెథడాలజీ చెప్పేవారికి ఆ సబ్జెక్టు వైపు పీజీ, ఎంఈడీ రెండూ ఉండాలి, రెండిట్లోనూ 55 శాతంతో. చాలాచోట్ల ఒకే సార్ ఫిజికల్ సైన్సూ, బయాలజీ, మ్యాథ్సూ మూడూ లాగించేస్తుంటారు. ఆయన మంచివారే అయి ఉండొచ్చు, కానీ మీ పాఠం విని "పంటు సంగతి అడుగు" అని చీటీ పంపలేరు. ల్యాబు తాళం తీయించి చూడండి. సామాను మీద దుమ్ము ఉంటే పర్లేదు, అసలు సామానే లేకపోతే ఆలోచించండి. ఇంటర్న్‌షిప్‌కి ఏ బడులకి పంపుతారో అడగండి. పాత విద్యార్థులు ఒకరిద్దరితో మాట్లాడితే పావుగంటలో అంతా తెలిసిపోతుంది. "మా సార్ మా క్లాసుకి వచ్చి వెనక కూర్చున్నారు" అని ఎవరైనా చెబితే ఆ కాలేజీ రాసుకోండి.

ఇంటర్న్‌షిప్‌లో బడి టీచర్ల వైపు నుంచి ఒక మాట. మీరు వచ్చిన మొదటి వారంలోనే చాలా బడుల్లో "అమ్మయ్య, మనిషి దొరికింది" అని సెలవు పెట్టిన టీచర్ల క్లాసులన్నీ మీ మీద పడేస్తారు. హిందీ పీరియడ్ కూడా ఇస్తారు. కొన్నాళ్ళు ఒప్పుకోండి, గొడవ పెట్టుకోవద్దు. కానీ మీ సబ్జెక్టు పాఠాలు ఒకే తరగతికి వరుసగా, ఒక యూనిట్ మొదటి నుంచి చివరిదాకా చెప్పే అవకాశం మాత్రం హెడ్మాస్టరు గారిని అడిగి తీసుకోండి. రోజుకో తరగతిలో ఒక్కో ముక్క చెబితే పిల్లలు ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చారో మీకు ఎప్పటికీ కనబడదు. రోజూ ఒక చిన్న నోట్సులో పిల్లలు చెప్పిన తప్పు జవాబులు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. రికార్డు కాలేజీకి ఇచ్చేస్తారు, ఈ నోట్సు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక గైడ్ల కంటే ఎక్కువగా తిరగేసేది అదే.

మీది తెలుగు మీడియం అన్నారు. ఇప్పుడు మన బడుల్లో పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో వస్తున్నాయి. భయపడకండి, పిల్లలూ మీ పరిస్థితిలోనే ఉన్నారు. ఇంటర్న్‌షిప్‌లోనే వారానికి ఒక పాఠమైనా ఇంగ్లిష్ మాటలతో చెప్పి చూడండి. ప్రశ్న తెలుగులో వేసి, బోర్డు మీద మాత్రం పదాలు ఇంగ్లిష్‌లో రాసే పద్ధతి మా దగ్గర బాగా నడిచింది.

మీ తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడని, వాడికీ టీచరవ్వాలని ఉందని రాశారు. వాడికి డిగ్రీ, తర్వాత బీఈడీ అని ఐదేళ్ళు అక్కర్లేదు. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ళ కోర్సులు ఉన్నాయి, సబ్జెక్టూ బోధనా రెండూ కలిపి మొదటి ఏడాది నుంచే నేర్పుతారు. మైసూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో బీఎస్సీ బీఈడీ చాలా ఏళ్ళు నడిచింది, మన రాష్ట్రం వాళ్ళకి సీట్లుండేవి. 2023-24 నుంచి అలాంటి కోర్సే ఐటీఈపీ అని దేశంలో కొన్ని యూనివర్సిటీల్లో మొదలైంది, దానికి ఎన్‌టీఏ వాళ్ళు ఎన్‌సెట్ పరీక్ష పెడతారు. ఊరు వదిలి వెళ్ళగలిగితే వాడికి అదే చెబుతాను.

ఇంట్లో డబ్బు ఇబ్బంది వల్లే కోచింగ్‌తో పాటు ఏదో ఒక పని చేసుకోవాలనుకుంటున్నారా, లేక తొందరగా ఉద్యోగం రావాలనా, అది మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. డబ్బే ఇబ్బంది అయితే కాలేజీ మానేసే బదులు సాయంత్రం ట్యూషన్లు కొనసాగించండి. అవి మీ మెథడాలజీ క్లాసుకి కూడా పనికొస్తాయి. రామచంద్రపురం నుంచి రోజూ రాజమండ్రి బస్సు ప్రయాణం కష్టమనుకుంటే మీ వైపు కాలేజీల పేర్లు రెండు మూడు ఇక్కడ రాయండి, నాకు తెలిసినవైతే ఇంటర్న్‌షిప్ ఎలా జరుగుతుందో చెబుతాను. దరఖాస్తులో మెథడాలజీ గడి నింపే ముందు అన్ని వివరాలూ ఒకసారి సరిచూసుకోండి, సబ్‌మిట్ కొట్టాక మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.